నైరోబీలో సంఘం కట్టడానికి మా మందిరం డబ్బు పంపాలా, మనుషుల్ని పంపాలా?

మారతహళ్లి కోశాధికారి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మాది బెంగళూరులో మారతహళ్లి పక్కన ఉన్న తెలుగు సంఘం. 140 కుటుంబాలు. సగం మంది ఐటీ వాళ్లు, మిగతా సగం కట్టుబడి పనులకి కర్నూలు, ఆదోని వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. మూడేళ్లుగా లెక్కలు నేనే చూస్తున్నాను. మిషన్ ఫండ్‌లో ఇప్పుడు 9 లక్షల 40 వేలు ఉన్నాయి. అందులో చాలా భాగం పిడికెడు బియ్యం డబ్బు. వంట చేసే ప్రతి పూటా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, నెలాఖరుకి ఆ బియ్యం మందిరంలోనే అమ్మి డబ్బు జమ చేస్తాం. షెడ్లలో ఉండే అమ్మలు ఒక్క నెల కూడా మానలేదు.

పోయిన నవంబరులో చెన్నైలో జరిగిన సభల్లో మా పాస్టర్ గారికి నైరోబీ నుంచి వచ్చిన ఒక సేవకుడు పరిచయమయ్యారు. ఎంబకాసి అనే ప్రాంతంలో, ఒక స్కూలు గదిలో 60 మందితో ఆరాధన జరుపుతున్నారట. రేకుల మందిరం, మైకు సెట్టు కోసం 6 లక్షలు సాయం అడిగారు. పది రోజుల సువార్త కూడికలకి ఎనిమిది మంది టీమ్‌గా రమ్మన్నారు కూడా. టికెట్లకే ఇంకో 4 లక్షలు అవుతాయి.

కమిటీలో సగం మంది "ఆఫ్రికాలో సంఘం కట్టే అవకాశం మళ్లీ రాదు" అంటున్నారు. పాస్టర్ గారికీ ఆ సేవ మీద గట్టి భారం ఉంది, ఆయన మనసు మంచిదని నాకు తెలుసు. కానీ చెక్కు మీద ఉండేది నా సంతకం. ఆ బియ్యం డబ్బాలు గుర్తొచ్చి రెండు వారాలుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అక్కడి నగరాలకి నిజంగా మన అవసరం ఉందా? ఆ సేవకుడు ఎలాంటివాడో ఎలా తెలుసుకోవాలి? అసలు మన సంఘం ఖాతాలోంచి బయటి దేశానికి డబ్బు పంపొచ్చా? అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

లేగోస్‌లో నాలుగేళ్లు

బ్రదర్, నేను టెలికాం పని మీద 2013 నుంచి 2017 వరకు నైజీరియాలో, లేగోస్‌లో ఉన్నాను. నైరోబీ సంగతి నాకు తెలియదు. లేగోస్‌లో చూసింది చెబుతాను.

అక్కడికి వెళ్లేముందు నేనూ అనుకున్నాను, వీళ్లకి మనం సువార్త చెప్పాలని. దిగిన మొదటి ఆదివారం మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిస్తే తొమ్మిది మందిరాలు కనబడ్డాయి. రిడీమ్డ్ క్రిస్టియన్ చర్చ్ ఆఫ్ గాడ్ అని ఒక సంఘం ఉంది. 1952లో లేగోస్‌లోనే ఒక చిన్న ప్రార్థన గుంపుగా పుట్టింది. 1981 నుంచి దాన్ని నడిపిస్తున్న ఈనాక్ అడెబోయె అంతకుముందు యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. మనలాంటి దేశాల్లో ఏ పట్టణంలోనైనా ఐదు నిమిషాల నడకలో ఒక సంఘం ఉండాలన్నది వాళ్ల గురి. డీపర్ లైఫ్ అని ఇంకొకటి, 1973లో విలియం కుముయి ఇంట్లో 15 మంది బైబిల్ స్టడీకి కూర్చుంటే మొదలైంది. ఆయన కూడా లెక్కల లెక్చరరే.

వాళ్ల పద్ధతి నా కళ్లతో చూశాను. మా ఆఫీసులో ఒక కుటుంబం అద్దెలు భరించలేక ఊరి అంచున ఉన్న ఇకొరొడు వైపు వెళ్లిపోయింది. వెళ్లిన నెలకే వాళ్ల హాల్లో ప్రార్థన మొదలైంది. ఆరు నెలలకి ఒక షాపు పైఅంతస్తు అద్దెకి తీసుకున్నారు. బస్సు ఎక్కడిదాకా పోతే సంఘం అక్కడిదాకా పోతుంది. దీంట్లో మనం వాళ్లకి నేర్పేది ఏమీ లేదు బ్రదర్, మనమే నేర్చుకోవాలి.

బాధపడ్డ విషయం కూడా ఉంది. మా కాంపౌండ్‌లో వాచ్‌మన్‌గా చేసే అతను ఒక చోట "విత్తనం" అని, వేస్తే ఎన్నో రెట్లు తిరిగొస్తుందని నమ్మి, నెల జీతం మొత్తం కానుక వేసేశాడు. పిల్లల ఫీజుకి నా దగ్గర అప్పు తీసుకున్నాడు. ఆ "విత్తనం" అడిగినవాళ్ల దగ్గర మైకులకీ లైట్లకీ లోటు లేదు. అందుకే 6 లక్షలు మైకుకీ రేకులకీ అంటే నాకు కొంచెం భయంగా ఉంది.

హెన్నూరు అక్క

తమ్ముడూ, నీ సంగతి చదివాక నాకూ నిద్ర పట్టలేదు. 2011 నుంచి 2019 దాకా మేం నైరోబీలోనే ఉన్నాం. మా ఆయన ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. నువ్వు చెప్పిన ఎంబకాసిలోనే, పైప్‌లైన్ అనే చోట ఒక చిన్న సంఘానికి ఆరేళ్లు వెళ్లాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికతో చదువు.

మొదటి రెండేళ్లు మేం ఉండే పార్క్‌లాండ్స్‌లోనే మన ఇండియన్స్ ఎక్కువగా వచ్చే ఆరాధనకి వెళ్లేదాన్ని. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది (అక్కడ మామా అంటే అమ్మా అని): "మామా, మీరు మీ దగ్గర ప్రార్థన చేసుకుంటారు, నేను మా దగ్గర చేసుకుంటాను. ఒక్కసారి కూడా కలిసి కూర్చోలేదు కదా?" రెండేళ్లలో ఆవిడ ఏ సంఘానికి వెళ్తుందని కూడా నేను అడగలేదు. ఆ వారమే సిగ్గుపడుతూ ఆవిడ వెంట వెళ్లాను.

పైప్‌లైన్ అంటే ఏడెనిమిది అంతస్తుల బిల్డింగులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. సందులోకి ఎండ పడదు, పైనంతా ఆరేసిన బట్టలే. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, అంతస్తుకంతా కలిపి ఒకటో రెండో బాత్రూములు. వారానికి రెండు రోజులు నీళ్లు వస్తాయి, మిగతా రోజులు పసుపు క్యాన్లు మోసుకోవాలి. కిసీ, కకమేగా, మచకోస్ లాంటి చోట్ల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. 1969 జనాభా లెక్కల్లో నైరోబీలో ఉన్నది 5 లక్షల మంది, 2019లో 44 లక్షలు. ఆ పెరిగినవాళ్లంతా ఇలాంటి గదుల్లోనే సర్దుకున్నారు. ఒక బిల్డింగు కింద, బొగ్గుల కొట్టుకీ ఇంటర్నెట్ షాపుకీ మధ్య మా సంఘం. ప్లాస్టిక్ కుర్చీలు 38.

మొదటి రోజు నన్ను అందరికన్నా ముందు, పాస్టర్ గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నన్ను తీసుకెళ్లి గోడలో పగులు చూపించాడు. ఏమీ అడగలేదు, చూపించాడంతే. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. ఆ ఊళ్లో మనల్ని "ముహిందీ" అంటారు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి రైలు మార్గం వెయ్యడానికి బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి దాదాపు 32 వేల మంది కూలీల్ని తీసుకెళ్లారు. నైరోబీ ఊరు పుట్టిందే 1899లో ఆ రైలు డిపోగా. వాళ్ల వెనకే దుకాణాలవాళ్లు వెళ్లారు, ఆ తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. 2017లో అక్కడి ప్రభుత్వం ఆసియా మూలాలవాళ్లని 44వ తెగగా గుర్తించింది కూడా. కానీ పైప్‌లైన్‌లో ఉండేవాళ్లకి ముహిందీ అంటే జీతం ఇచ్చే యజమాని. ముహిందీ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నవాళ్లు ఆ సంఘంలో ఒక్కరూ లేరు. నీ టీమ్ ఎనిమిది మంది విమానం దిగేసరికే వాళ్ల మొహం మీద ఈ కథంతా ఉంటుంది తమ్ముడూ. పది రోజుల్లో అది పోదు.

ముందు కుర్చీలోంచి వెనక ఆడవాళ్ల బెంచీకి రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఒకావిడ కొడుకు మోటార్ సైకిల్ మీంచి పడి చనిపోయాడు. అక్కడ చాలామంది శవాన్ని నగరంలో పాతిపెట్టరు, సొంత ఊరికి తీసుకెళ్తారు. బండికి, పెట్టెకి, ఊళ్లో భోజనాలకి డబ్బు కావాలి. దానికోసం వారం రోజులు ప్రతి సాయంత్రం అందరూ ఆ ఇంటి ముందు కూడుతారు, పాటలు పాడతారు, చందాలు రాసుకుంటారు. నేను ఏడు సాయంత్రాలూ వెళ్లాను. డబ్బు వాళ్లలో అందరూ ఎంత ఇస్తే అంతే ఇచ్చాను, ఎక్కువ ఇవ్వలేదు. అది చాలా కష్టమనిపించింది, ఎందుకంటే నా దగ్గర ఉంది. అయినా ఇవ్వలేదు. బంగాళాదుంపల తొక్కలు తీశాను, టీ పోశాను. ఆ ఆదివారం ముందు కుర్చీ ఖాళీగా వదిలేసి నాకు వెనక బెంచీ మీద చోటు జరిపారు. నైరోబీలో నేను చేసిన పరిచర్య ఏమన్నా ఉంటే అదే.

ఆ సంఘం ఎలా పుట్టిందో చెబుతాను, నీ కమిటీకి ఇది ఉపయోగపడుతుంది. ఉమోజా అనే ప్రాంతంలో ఉన్న తల్లి సంఘం పదకొండు మందిని పంపింది. పాస్టర్ గారు మటాటు కండక్టర్‌గా పనిచేసిన మనిషి. మటాటు అంటే అక్కడి షేర్ వ్యాన్. మూడేళ్లు సాయంత్రం క్లాసుల్లో బైబిల్ చదువుకున్నారు. తల్లి సంఘం ఆరు నెలలు పూర్తి అద్దె కట్టింది, ఇంకో ఆరు నెలలు సగం కట్టింది. ఏడాది దాటాక ఒక్క షిల్లింగ్ ఇవ్వలేదు. ముందే అలా ఒప్పుకున్నారు. పాస్టర్ గారు వారమంతా ఫోన్ కవర్లు అమ్మేవారు, కొత్త నిబంధన కాలంలో డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పిన పౌలులాగే. కానుకలు ఫోన్‌లో ఎంపెసా ద్వారా వచ్చేవి. మనకి యూపీఐ రాకముందే, 2007 నుంచే వాళ్లకి అది ఉంది. పదిమంది ఆడవాళ్లు కలిసి "చామా" నడిపేవారు, మన చీటీ లాంటిదే. దాంతో ఇద్దరు కుట్టు మిషన్లు కొనుక్కున్నారు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటివాళ్లే బుధవారం ప్రార్థనకి వచ్చారు. నాలుగో అంతస్తులో ఒక గది, ఆరో అంతస్తులో ఒక గది. అక్కడ సువార్త అంతస్తు తర్వాత అంతస్తుగా ఎక్కింది. స్టేజీ వేసి ఎవరూ చెప్పలేదు.

రెండు సందుల అవతల ఇంకో సంఘానికి బయటి దేశం నుంచి ఒక టీమ్ వచ్చింది. ఏ దేశమో రాయను. మంచివాళ్లే, కన్నీళ్లతో ప్రార్థన చేశారు. రెండు వారాలున్నారు, రెండు వందల మంది పిల్లలకి బిస్కెట్లు పంచారు, ఫొటోలు తీసుకున్నారు. వెళ్లాక సిమెంటు నేలతో రేకుల హాలు కట్టించారు, డ్రమ్స్ కొనిచ్చారు, పాస్టరుకి నెల జీతం పంపారు. మూడో ఏడు వాళ్ల సొంత సంఘంలో ఏవో మార్పులు వచ్చి జీతం ఆగిపోయింది. అక్కడి విశ్వాసులు అప్పటిదాకా అద్దె కట్టి ఎరగరు, ఆయన అడిగి ఎరగడు. ఆరు నెలల్లో సంఘం రెండు ముక్కలైంది. డ్రమ్స్ ఎవరివని పోట్లాడుకున్నారు. ఆ స్థలం నది ఒడ్డున ఉంది, అమ్మినవాడి దగ్గర సరైన పత్రం కూడా లేదట. 2024 ఏప్రిల్, మే నెలల్లో వరదలొచ్చాక నదికి 30 మీటర్ల లోపల ఉన్నవాటిని ప్రభుత్వం కూలగొట్టింది. ఆ హాలు కూడా పోయిందని మా ఇంట్లో పనిచేసిన ఆవిడ ఫోన్‌లో చెప్పింది. మందిరం కట్టడానికి డబ్బు అడిగితే ముందు టైటిల్ డీడ్ చూపించమను. నైరోబీలో భూముల శాఖ ఆఫీసు ఆర్దీ హౌస్. అక్కడి లాయర్ చేత రికార్డు చూపించుకోవచ్చు. ఇది అడగడం అనుమానించడం కాదు.

కెన్యాలో నూటికి 85 మందికి పైగా క్రైస్తవులం అని రాయించుకుంటారు. సంఘాలు లేక కాదు వాళ్ల కష్టం. నేర్పించేవాళ్లు చాలక. 2023లో కిలిఫీ కౌంటీలోని షకహోలా అడవిలో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. ఉపవాసంతో చనిపోతే యేసును కలుస్తామని నమ్మినవాళ్ల శవాలు 400కు పైగా తవ్వితీశారు. అందులో పసిపిల్లలున్నారు. ఆ వార్త వచ్చిన రోజు నేను హెన్నూరులో ఉన్నాను. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. అప్పటి నుంచి నన్ను ఎవరైనా ఆఫ్రికా సేవకుల గురించి అడిగితే మొదటి ప్రశ్న ఒకటే: ఆయన ఎవరికి జవాబు చెప్పుకోవాలి? పైన ఒక సంఘాల సమాజం ఉందా, ఆయన్ని తప్పు పట్టగల పెద్దలు ముగ్గురైనా ఉన్నారా? రువాండాలో 2018లో కిగాలీ నగరంలోనే 700కు పైగా ప్రార్థనా స్థలాలు మూసేశారు. భద్రత లేని కట్టడాలు, శబ్దం, ఇలాంటి కారణాలు చెప్పారు. ఆ ఏడాదే బోధకులకి వేదాంత చదువు ఉండాలని చట్టం చేశారు. నేను దాన్ని సమర్థించను, కానీ ప్రభుత్వం అక్కడిదాకా ఎందుకు వెళ్లిందో అర్థమవుతుంది.

చదువు చెప్పే చోట్లు కూడా అక్కడే ఉన్నాయి. నైరోబీలో ఆఫ్రికా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఉంది. నైరోబీ చాపెల్ అనే సంఘం కథ కూడా తెలుసుకో. 1952లో తెల్లవాళ్లు పెట్టుకున్నది. 1980లు ముగిసేసరికి ఇరవై మందో ఎంతో మిగిలారు. అప్పుడు ఆస్కర్ మురియు అనే కెన్యా యువకుడు వచ్చి పక్కనున్న యూనివర్సిటీ విద్యార్థుల మీద మనసు పెట్టారు. మందిరం నిండింది. 2005లో పెద్ద భవనం కట్టుకోకుండా ఒకే సంఘాన్ని ఐదుగా పంచి నగరంలోకి పంపేశారు. మన సంఘాల్లో అలా పంచుకుని సంతోషంగా విడిపోయినవాళ్లని నేను చూడలేదు.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత అక్కడ తెగల మధ్య గొడవల్లో 1,100 మందికి పైగా చనిపోయారు, 6 లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. నేను వెళ్లింది ఆ తర్వాతే. కానీ వెనక బెంచీ ఆడవాళ్లు ఆ జనవరి గురించి చెప్పారు. లువో వాళ్లు, కికుయు వాళ్లు ఒకే మందిరంలో పక్కపక్కన కూర్చోలేకపోయారట, నెలల తరబడి కొందరు వేరేగా ప్రార్థన చేసుకున్నారట. "మీ దేశంలో సంఘాల్లో ఇలాంటివి ఉంటాయా మామా?" అని అడిగారు. నేను నిజం చెప్పాను. ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో రెండు మందిరాలు, రెండు సమాధుల దొడ్లు, ఎందుకో చెప్పాను. కులం అనే మాటకి వాళ్ల భాషలో నాకు మాట దొరకలేదు, అయినా వాళ్లకి అర్థమైంది. అందరికన్నా పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. ఇలాంటి మాటలు బిస్కెట్లు పంచే కార్యక్రమంలో రావు తమ్ముడూ.

1971లో జాన్ గాటు అనే కెన్యా ప్రెస్బిటేరియన్ నాయకుడు, బయటి దేశాల మిషనరీలూ డబ్బూ కొంతకాలం ఆగాలని అడిగారు. తోసేయడానికి కాదు, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడటానికి. అది చదివినప్పుడు నాకు మా గోడలో పగులు గుర్తొచ్చింది. దాన్ని చివరికి సంఘంలోని ఒక మేస్త్రీ రెండు ఆదివారాలు కూర్చుని పూడ్చాడు. కావల్సింది సిమెంటు రెండు బస్తాలే.

నా మాట: హాలు కట్టొద్దు, ఎనిమిది మందిని పంపొద్దు. ఆయన సంఘంలో నిలకడగా ఉన్న ఒకరిద్దరి చదువుకి సాయం చెయ్యండి, గడువు ముందే చెప్పండి. మనుషుల్ని పంపాలనుంటే ఒక జంటని, ఏడాదికి తక్కువ కాకుండా పంపండి. అలా ఉండి పరిచర్య చెయ్యాలంటే పర్మిట్ కావాలి, మతసంబంధమైన పనికి క్లాస్ ఐ అని ఉంటుంది.

అంతకంటే ముందు ఒక పని ఉంది. మారతహళ్లి నుంచి గంట ప్రయాణం, మా కొత్తనూరు, హెన్నూరు వైపు రండి. కాంగో, టాంజానియా, నైజీరియా పిల్లలు ఇక్కడ కాలేజీల్లో చదువుతున్నారు. మా సందులో ఒక కాంగో అబ్బాయికి గది కోసం నాలుగు ఇళ్లు తిరిగినా ఇవ్వలేదు. అందులో ఒకటి విశ్వాసి ఇల్లు. 2016 జనవరిలో ఇదే ఊళ్లో, హెసరఘట్ట వైపు, ఒక టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆఫ్రికాలో సంఘం కడతామని ప్రార్థించే మనం, మన వీధిలోకి వచ్చిన ఆఫ్రికా పిల్లల్ని భోజనానికి పిలవలేదు. నాకిది చాలా బాధ.

పెరంబూరులో ఉండే నెల్లూరు మనిషి

అమ్మా, నీ మాటలు చదివి నా కళ్లు చెమ్మగిల్లాయి. నేను చెన్నైలో బ్యాంకులో ఫారెక్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. బాబు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు చెబుతాను.

ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం బయటి నుంచి మనకి వచ్చే డబ్బు గురించి. బయటికి పంపేదానికి అది కాదు. చాలా సంఘాల్లో ఇక్కడే తికమకపడతారు. బయటికి పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ అనే పథకం ఉంది, అందులో ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, దానం కూడా దాంట్లోకే వస్తుంది. అయితే అది వ్యక్తులకే. ట్రస్టులకీ సొసైటీలకీ కాదు. పైగా పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే, ప్రత్యేక అనుమతి లేకుండా దానికి మినహాయింపు వర్తించదు. కాబట్టి సంఘం ఖాతా మీద చెక్కు రాయకు నాయనా. మీ ఆడిటరుతో కూర్చో. ఇష్టపడినవాళ్లు ఎవరికి వారు సొంత ఖాతా నుంచి, కాలేజీకి నేరుగా ఫీజుగా పంపడం శుభ్రమైన దారి. ఒక వ్యక్తి ఏడాదికి 10 లక్షలు దాటితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడుతుంది, మీకు అంతదాకా రాదు.

ఇంకొక సంగతి, మా నెల్లూరు వాడిగా చెప్పుకోవాలని ఉంది. 1860లో ట్రూరో అనే ఓడ మన మద్రాసు నుంచి కూలీల్ని తీసుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. తర్వాత కూడా ఓడలు వెళ్తూనే ఉన్నాయి, తెలుగువాళ్లు చెరుకు తోటల్లో, టీ తోటల్లో చిక్కుకుపోయారు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి పంపారు. కియర్స్నీ టీ తోటలో తెలుగు సంఘం అలా నిలబడింది. ఆయన పది రోజుల టీమ్‌గా వెళ్లలేదు, కాపురం తీసుకుని వెళ్లారు. అదే 1903లో తిరునెల్వేలి తమిళులు ఒక మిషనరీ సొసైటీ పెట్టుకుని మన తెలుగు నేలకి, దోర్నకల్ వైపు మనుషుల్ని పంపారు. ఆ పనిలో ముందున్న అజరయ్య గారే 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరోలో తెల్ల మిషనరీల ముందు ఆయన నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. హెన్నూరు అమ్మాయి చెప్పిన వెనక బెంచీ అదే కదా.

మారతహళ్లి కోశాధికారి

అక్కా, అయ్యగారూ, లేగోస్ అన్నా, అందరికీ వందనాలు. మూడు వారాలు ఏమీ రాయనందుకు క్షమించండి. పాస్టర్ గారికి ఇవన్నీ ఫోన్‌లోనే చదివి వినిపించాను. మొదట కొంచెం నొచ్చుకున్నారు. అజరయ్య గారి మాట దగ్గరికి వచ్చాక మళ్లీ చదవమన్నారు.

పోయిన శనివారం ఇద్దరం కలిసి నైరోబీ సేవకుడికి వీడియో కాల్ చేశాం. ఆ స్కూలు గది అద్దె ఎవరు కడుతున్నారని అడిగాను. "మా వాళ్లే కడతారు, రెండు నెలలు బాకీ ఉంది" అన్నారు. మీకు పైన ఎవరున్నారంటే వాళ్ల సంఘాల సమాజం పేరు, ఇద్దరు పెద్దల నంబర్లు ఇచ్చారు. వాళ్లలో ఒకరితో మాట్లాడాం కూడా. స్థలం పత్రం అడిగితే కాసేపు ఊరుకున్నారు. తర్వాత, పత్రం లేదని, అమ్మేవాడి మాట మీద నమ్మకం పెట్టుకున్నామని ఒప్పుకున్నారు. మందిరం సంగతి పక్కన పెడితే మీకు నిజంగా ఏం కావాలని పాస్టర్ గారు అడిగారు. ఆయన వెంటనే చెప్పలేదు. నాకు బైబిల్ కాలేజీ చదువు లేదు, వయసు నలభై ఆరు, ఇప్పుడు చదవొచ్చా అని అడిగారు. మా పాస్టర్ గారు కూడా టాఫ్టీ అనే దూరవిద్య సంస్థ బైబిల్ పాఠాలతో ఇంట్లో ఉండి చదువుకున్నవారే. ఆ మాట విని ఆయన కళ్లు తుడుచుకున్నారు. వాళ్లిద్దరూ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు, నేను వింటూ కూర్చున్నాను.

కమిటీ ఇంకా ఒప్పుకోలేదు. ఇద్దరు నా మీద కోపంగా ఉన్నారు. మిషన్ ఫండ్ కదపకుండా, ముందుకొచ్చిన తొమ్మిది మంది సొంత ఖాతాల నుంచి ఆయన రెండేళ్ల ఫీజు కడదామని ప్రస్తుతానికి అనుకుంటున్నాం. బియ్యం డబ్బులు ఎవరి కోసం అనేది ఆ అమ్మల్నే అడుగుదామని పాస్టర్ గారు అన్నారు. ఇంతవరకు వాళ్లని ఎవరూ అడగలేదు.

అక్కా, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మేం ఆరుగురం కొత్తనూరు రావచ్చా? ఆ కాంగో అబ్బాయికి గది దొరికిందా?

హెన్నూరు అక్క

రండి తమ్ముడూ. విద్యార్థుల కూడిక మూడింటికి, ఆరింటిదాకా నడుస్తుంది, తొందరపడకండి. పాటలు ఫ్రెంచ్‌లో, స్వాహిలీలో ఉంటాయి, చప్పట్లు కొడితే చాలు. గది ఇంకా దొరకలేదు, స్నేహితుల దగ్గర నేల మీద పడుకుంటున్నాడు. మీ వాళ్లలో ఎవరికైనా ఖాళీ గది ఉంటే ముందే కనుక్కుని రండి. భోజనం తేవొద్దు, నేను చేస్తాను. వీలైతే ఆ బియ్యం డబ్బాలు పెట్టే అమ్మల్లో ఇద్దర్ని వెంట తీసుకురండి.